స్వీట్ కార్న్ తియ్యగా ఉంటే జీఎం అయినట్టేనా?

కూకట్‌పల్లి రైతుబజార్‌లో కొన్న స్వీట్ కార్న్ మరీ తియ్యగా ఉంది, జీఎం (జన్యువులు మార్చిన పంట) ఏమో, పిల్లలకు పెట్టొచ్చా అన్నారు కదా. టెన్షన్ పడకుండా పెట్టేయండి. ఆ తీపి ఏనాడో సహజంగా వచ్చిన మార్పు, గింజలో చక్కెర పిండిగా మారడం తగ్గుతుంది, అంతే. మన దగ్గర సాగులో ఉన్న జీఎం పంట 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి (పురుగును తట్టుకునేలా ఓ బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి) ఒక్కటే, బీటీ వంకాయను 2010లో ఆపేశారు.

ఇంట్లోకి జీఎం వస్తోందా అని అనుమానం ఉంటే మొక్కజొన్న కాదు, నూనె డబ్బా తిప్పి చూడండి. నేను మొన్న మా ఇంట్లో మిక్చర్ ప్యాకెట్ వెనక కళ్లు చికిలించుకుని చదివితే పత్తిగింజల నూనె అని కనబడింది, అది బీటీ పత్తిదే అయ్యుంటుంది. సోయా నూనె చాలావరకు అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వస్తుంది, అక్కడ సోయా దాదాపు అంతా జీఎమ్మే. కాకపోతే రిఫైన్ చేశాక అందులో ప్రొటీన్, డీఎన్ఏ దాదాపు మిగలవు, అందుకే డబ్బులు పెట్టి ల్యాబ్‌లో పీసీఆర్ టెస్ట్ (డీఎన్ఏని వెతికే పరీక్ష) చేయించినా ఏమీ తేలకపోవచ్చు, ఆ పని పెట్టుకోకండి. జీఎం పంటల భద్రత పరీక్షల్లో ముఖ్యంగా చూసేది కొత్తగా చేరిన ప్రొటీన్‌నే: తెలిసిన అలర్జీ కారకాలతో పోలిక ఉందా, జీర్ణరసంలో ఎంత త్వరగా విరిగిపోతుంది అని.

పండ్ల స్టిక్కర్ మీద నంబర్ 8తో మొదలైతే జీఎం అనే వాట్సాప్ మెసేజ్ నమ్మకండి, ఆ కోడ్ షాపుల్లో వాడిందే లేదు.