స్పీకర్లు ఆన్ అవ్వట్లేదు, వారంటీ ఉన్నా డబ్బులు కట్టమంటున్నారు

ప్రశ్న: సార్, ఆన్‌లైన్‌లో 6,800 పెట్టి కంప్యూటర్‌కి 2.1 స్పీకర్లు తీసుకున్నా. ఎనిమిది నెలలకే పవర్ రావడం ఆగిపోయింది, సబ్‌వూఫర్ (బేస్ ఇచ్చే పెద్ద బాక్స్) మీద లైట్ కూడా వెలగట్లేదు. సర్వీస్ సెంటర్‌లో చూసి, మీ ఇంట్లో హై వోల్టేజ్ వచ్చి బోర్డ్ కాలిపోయింది, వారంటీ వర్తించదు, 2,900 కట్టండి అన్నారు. వారంటీ ఏడాది ఉంది. మా వీధిలో రిపేర్ అతను 600కి చేస్తానంటున్నాడు, ఇచ్చేయమంటారా? కేస్ వేయొచ్చా? (ఖమ్మం)

జవాబు: ముందు ఆ రిపేర్ షాపుకి మాత్రం ఇవ్వకండి. కంపెనీ సీల్ తీశారంటే రేపు వినియోగదారుల కమిషన్‌లో కంపెనీ లాయర్ మొదట అడిగేది అదే, బయట ఎవరో ఓపెన్ చేశారు కాబట్టి మా బాధ్యత లేదంటాడు, అప్పుడు మీ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. మీరు కూడా స్క్రూలు విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంట్ కాసేపు నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది.

బయట నుంచి చూడగలిగినవి చూసి వీడియో తీసి పెట్టుకోండి. స్పైక్ బస్టర్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి, అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పనిచేస్తోందని కూడా వీడియోలో కనపడాలి. కొన్ని సెట్లలో ఆన్ బటన్ వైరున్న రిమోట్ మీదో కుడి స్పీకర్ మీదో ఉంటుంది, ఆ కేబుల్ సబ్‌వూఫర్ వెనక లూజ్ అయితే సెట్ మొత్తం చచ్చినట్టే ఉంటుంది, అది గట్టిగా నొక్కి చూడండి. వెనక బయటికే ఫ్యూజ్ ఉంటే అదీ చూడండి, పోయి ఉంటే అదే రేటింగ్‌ది వేయాలి గానీ వైరు ముక్క చుట్టొద్దు.

ఇక అసలు విషయం. హై వోల్టేజ్ అని నోటితో అంటే సరిపోదండీ. బోర్డ్ మీద ఏ పార్ట్ కాలింది, అది వోల్టేజ్ వల్లే అని ఎలా తేల్చారు, ఇవి జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేర్ కాగితం) మీద రాసి సంతకం పెట్టమనండి. వారంటీ వర్తించదు అనే మినహాయింపు వాడుకునేది వాళ్లు, దాన్ని చూపించాల్సిన భారం కూడా వాళ్ల మీదే పడుతుంది. రాసివ్వకపోతే ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాకపోయినా ఆ మెయిలే మీకు పనికొస్తుంది. ఆ టైంలో ఇంట్లో ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్లు బాగానే ఉన్నాయా అన్నది కూడా అందులో రాయండి, ఇది చాలా ముఖ్యం. అవన్నీ ఒకేసారి పోయి ఉంటే మాత్రం కంపెనీని అనడం న్యాయం కాదు, అప్పుడు కరెంట్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తేలకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఉన్న వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి వెళ్లాలి.

ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా రాయండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి, ఇది 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి, చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి.

అప్పటికీ కదలకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీస్ బెంగళూరులో ఉందా ముంబైలో ఉందా అని చూడక్కర్లేదు. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు సున్నా, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు. లోపం ఎక్కడుందో చూస్తే తేలకపోతే కమిషన్ అదే చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబ్‌కి పంపిస్తుంది, ఆ ఫీజు మొదట మీరే కట్టాలి. అందుకే కదా సీల్ తీయొద్దన్నది. రిపేరు, కొత్త సెట్టు, డబ్బు వాపసు, తిప్పించినందుకు నష్టపరిహారం, ఖర్చులు, అన్నీ పిటిషన్‌లో అడగండి, అడగనిది ఇవ్వలేదని తర్వాత బాధపడి లాభం లేదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అంత టైం ఉంది కదా అని ఆగకండి, బిల్లు డౌన్‌లోడ్ చేసుకుని, జాబ్ షీట్ కోసం ఈవారమే మెయిల్ పెట్టండి.