సగటు పెరిగింది, చదవడం మాత్రం రాలేదంటే

మీ 12 సాయంత్రం బడుల్లో జూన్ నుంచి డిసెంబరుకి సగటు మార్కులు పెరిగాయి, టీచర్లేమో పిల్లలకు చదవడం రావట్లేదంటున్నారు, ఎవర్ని నమ్మాలి అని అడిగారు. టీచర్లనే నమ్మండి. జూన్‌లో 20 మంది పరీక్ష రాశారనుకోండి. డిసెంబరుకల్లా అక్షరాలు కూడా రాని ఐదుగురు మానేశారు. మిగతా 15 మంది ఒక్క మార్కూ పెంచుకోకపోయినా సగటు పెరుగుతుంది.

అందుకని రెండుసార్లూ రాసిన పిల్లల్నే పోల్చండి. దీనికి పేర్లు పనికిరావు. కంప్యూటర్‌లో మార్కులు ఎక్కించే షీట్‌లో వెతికి చూడండి: ‘లక్ష్మి’, ‘లక్ష్మీ’, ‘కె.లక్ష్మి’ అని ఒకే పాప మూడు వరుసల్లో ఉంటుంది. ప్రతి బిడ్డకీ సెంటర్ (అంటే బడి) నంబరు కలిపి ‘బి07-14’ లాంటి కోడ్ ఇవ్వండి. ముందు ఆ అక్షరం లేకపోతే షీట్ దాన్ని తేదీగా మార్చేయొచ్చు. మానేసినవాళ్ల కోడ్ ఇంకొకరికి ఇవ్వొద్దు. సెంటర్ పేరు టైపు చేయించకండి, జాబితాలోంచి ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెట్టండి.

మార్కులకన్నా, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వేలో పిల్లల చదివే స్థాయి చూడటానికి వాడుతున్న మెట్లు మేలు: అక్షరం, పదం, పేరా, కథ. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించాలి. పరీక్షించేది పక్క సెంటర్ టీచరైతే మంచిది. సొంత పిల్లలనేసరికి తెలియకుండానే మాట అందించేస్తాం.

మానేసిన పిల్లల వరుసలు చెరిపేయకండి. వలస, ఇంటిపని, బడి మారడం, ఏదో ఒక కారణం పక్కన రాయించండి. నెలవారీ సమావేశంలో మొదట తెరవాల్సింది ఆ జాబితానే.