నెలలు నిండని బిడ్డకు తల స్కాన్ వద్దనొచ్చా?

30 వారాలకే పుట్టిన మీ పాపకు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) తల స్కాన్ రాశారని, రేడియేషన్ పడుతుందేమోనని మీ అత్తగారు వద్దంటున్నారని అడిగారు కదా. చేయించండి. అది అల్ట్రాసౌండ్, కడుపుతో ఉన్నప్పుడు మీకు తీసినలాంటిదే, అందులో రేడియేషన్ ఉండదు.

మా అబ్బాయి తిరుపతిలో 29 వారాలకే పుట్టాడు. తలలో ఏమన్నా అయిందా సార్ అని మా ఆయన వణుకుతూ అడిగితే, ఇంత ముందుగా పుట్టిన పిల్లలందరికీ చేస్తామమ్మా, మీవాడికొక్కడికే కాదు అన్నారు డాక్టర్. బిడ్డను ఎక్కడికీ తీసుకుపోలేదు, మిషన్‌నే బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గరికి తోసుకొచ్చారు. మాడు దగ్గర ఎముక ఇంకా కలవదు కాబట్టి అక్కడ కాస్త జెల్ రాసి, ప్రోబ్ మెల్లగా ఆనించి లోపల చూస్తారు. మాడు మీద నొక్కేస్తారేమోనని మా అమ్మకు ఒకటే టెన్షన్, వాడు మాత్రం నిద్ర కూడా లేవలేదు.

ఇలాంటి పిల్లల మెదడులో నీటి గదుల పక్కనుండే రక్తనాళాలు చాలా పల్చన, బీపీ కొంచెం అటూఇటూ అయినా చిట్లొచ్చు. చిట్లితే ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే, పైకి ఏమీ తెలియకుండా కూడా. రక్తం ఎంత కారిందో గ్రేడ్ నంబర్‌తో చెప్తారు. గ్రేడ్ 1, 2 అంటే చాలామందికి ఆ రక్తం దానంతటదే కరిగిపోతుంది. 3, 4 అయితే తలలో నీరు చేరుతుందేమోనని తల చుట్టుకొలత కొలుస్తూ మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తారు. ఆ నంబర్ పట్టుకుని బిడ్డ నడుస్తుందా లేదా అని రాత్రంతా ఫోన్‌లో వెతక్కండి, అది చెప్పాల్సింది బిడ్డను చూస్తున్న డాక్టరే.

నేను గట్టిగా చెప్పేది తర్వాతి స్కాన్‌ల గురించి. మెదడుకు రక్తం సరిగా అందక కొంత భాగం దెబ్బతింటే, ఆ గుర్తులు రెండు మూడు వారాలు గడిస్తే గానీ స్కాన్‌లో కనిపించవు. అందుకే మొదటిది నార్మల్ వచ్చినా నెల దగ్గర ఒకటి, మీకిచ్చిన డెలివరీ డేట్ దగ్గర ఇంకోటి చేస్తారు. అప్పటికి డిశ్చార్జ్ అయి పీలేరులోనో పలమనేరులోనో ఇంట్లో ఉంటారు, పాప పాలు బాగానే తాగుతోంది, మళ్ళీ తిరుపతి దాకా ఎందుకులే అనిపిస్తుంది. దయచేసి మానొద్దు.

ఎంఆర్ఐ రాసినా భయం లేదు, దాంట్లోనూ రేడియేషన్ ఉండదు, శబ్దమే ఎక్కువ. చెవులు మూసి, పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చితే చాలాసార్లు మత్తు కూడా అవసరం పడదు. రేడియేషన్ ఉండేది సీటీకి.

డిశ్చార్జ్ అప్పుడు రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, తర్వాతి స్కాన్ తేదీ దాని మీదే రాయించుకోండి. కంటి రెటీనా పరీక్ష కూడా పుట్టిన 30 రోజుల్లోపు అయిపోవాలి, అది రాశారో లేదో ఈరోజే అడగండి.