అలీకీ టైసన్‌కీ పోటీ పెట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి పెద్దనాయన ఆశీస్సులు.

సంక్రాంతికి మీ బాక్సింగ్ పిల్లలంతా కలిసి మైకు పెట్టి, వేర్వేరు కాలాల హెవీవెయిట్ ఛాంపియన్లు ముహమ్మద్ అలీకీ మైక్ టైసన్‌కీ ఊహాపోటీ నడపబోతున్నారని, రౌండ్ల వారీగా కామెంట్రీ నువ్వే రాస్తున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. నువ్వు రాసిన మొదటి పేజీ వాట్సాప్‌లో పంపితే చదివాను. మాటలో ఊపుంది. కానీ మొదటి వాక్యంలోనే టైసన్ గెలుస్తాడని తేల్చేశావు. తేలిపోయిన పోటీకి కామెంట్రీ ఎందుకు అబ్బీ?

ముందు కాగితం మీద రాసుకోవాల్సింది ఎన్ని రౌండ్లు అనేది. చిన్న విషయం అనుకోకు. ఇప్పుడు టైటిల్ పోటీ అంటే 12 రౌండ్లు. 1982 నవంబరులో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ, రే మాన్సినీతో 14వ రౌండ్ దాకా తలపడి, తలకు తగిలిన దెబ్బలతో చనిపోయాడు. ఆ తర్వాతే 15 రౌండ్లను 12కి తగ్గించడం మొదలైంది. అంతకుముందు ఛాంపియన్లు చాలా ఏళ్లుగా 15 రౌండ్ల లెక్కతోనే ఊపిరి దాచుకునేవాళ్లు. జాక్ జాన్సన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 1915లో హవానాలో జెస్ విల్లార్డ్‌తో ఆయన పోటీ 45 రౌండ్లకు పెట్టారు, 26వ రౌండులో ఓడిపోయాడు.

ఆ చివరి మూడు రౌండ్లు తీసేస్తే చరిత్ర ఏమవుతుందో చూడు. 1952 సెప్టెంబరు, ఫిలడెల్ఫియా. జెర్సీ జో వాల్కాట్‌తో 12 రౌండ్లు ముగిసేసరికి రాకీ మార్సియానో ముగ్గురి స్కోర్ కార్డుల్లోనూ వెనకబడి ఉన్నాడు. 13వ రౌండులో తాళ్ల దగ్గర ఒక్క కుడిచేతి దెబ్బ వేశాడు, వాల్కాట్ మళ్లీ లేవలేదు. ఈనాటి నిబంధనలైతే ఆ దెబ్బకు అవకాశమే లేదు. ఓటమి లేకుండా 49కి 49 గెలిచాడని మనం చెప్పుకునే లెక్కలో ఒకటి పోయినట్టే. 1941 జూన్‌లో జో లూయిస్, బిల్లీ కాన్ పోటీ కూడా అంతే. 12 రౌండ్లయ్యాక ఇద్దరు జడ్జీల దగ్గర కాన్ ముందున్నాడు, మూడో కార్డు సమానం. మామూలుగా పోతే గెలిచేవాడే. నాకౌట్ చేయాలని మీద పడ్డాడు, 13లో లూయిస్ అతన్నే పడగొట్టాడు. లూయిస్ వరసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడన్న రికార్డు మధ్యలోనే తెగిపోవాల్సింది. 13వ రౌండ్ ఉందా లేదా అనేదాని మీద ఇద్దరు మహావీరుల కథ మారిపోతోంది చూశావా!

నీ పోటీలో ఇది ఎవరికి లాభం? టైసన్ ఏ పోటీలోనూ 12 దాటి ఆడింది లేదు. అలీ 15 రౌండ్లు పూర్తిగా ఆడి గెలిచిన రాత్రులు బోలెడు. అందుకే ఎనౌన్స్‌మెంట్‌లోనే రౌండ్ల సంఖ్య చెప్పు. చెప్పకపోతే పదో రౌండులో జనం లేచి గొడవ పెట్టుకుంటారు, వాళ్లదే న్యాయం అవుతుంది.

రెండోది, రెఫరీ ఏ కాలం వాడు? ఇప్పుడు ఎదుటివాడు పడితే నువ్వు దూరంగా ఉన్న న్యూట్రల్ కార్నర్‌కి, అంటే ఇద్దరిదీ కాని మూలకి, పోవాలి. 1919లో జాక్ డెంప్సీకి ఆ బాధ లేదు. తనకంటే పాతిక కేజీలు బరువెక్కువున్న విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టాడు. లేస్తుంటే పక్కనే నిలబడి మళ్లీ కొట్టేవాడు. అదే డెంప్సీ 1927లో షికాగోలో జీన్ టనీని పడగొట్టి, కార్నర్‌కి పోవడం ఆలస్యం చేశాడు. రెఫరీ పది దాకా లెక్కపెట్టడం ఆలస్యంగా మొదలై, టనీకి నాలుగైదు సెకన్లు ఎక్కువ దొరికాయి, లేచి గెలిచాడు. గాయాల సంగతీ అంతే. 1954లో ఎజార్డ్ చార్లెస్‌తో రెండోసారి ఆడినప్పుడు మార్సియానో ముక్కు చీలిపోయింది. ఇప్పటి డాక్టర్ అయితే ఆపేసేవాడని నా నమ్మకం. అప్పట్లో ఆపలేదు, ఎనిమిదో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు.

గ్లవ్స్ గురించి ఒక్క మాట రాసి వదిలెయ్, ఇప్పుడు హెవీవెయిట్‌కు 10 ఔన్సులని. దాని మీద పేరాలు పేరాలు వద్దు.

ఇక మనుషులు. ‘అలీ’ అని రాస్తే చాలదు, ఏ అలీ? 1980లో ఆయన మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ పోటీ ఆడినప్పుడు మా సావాసగాళ్లు కడపలో రైలెక్కిపోయి చూసొచ్చారు. నెలల తరబడి అదే కబుర్లు. కానీ వాళ్లు చూసింది 38 ఏళ్ల అలీని. అదే ఏడాది అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో ఆయన ఎంత దెబ్బ తిన్నాడో చూస్తే నీకు కడుపులో తిప్పుతుంది. నాకు కావాల్సిన అలీ 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన అలీ. ఆ కాళ్లు 1967లో నిషేధం పడ్డాక అలా మళ్లీ కదల్లేదు. అలాగే టైసన్ అంటే 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన టైసన్. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడ్డవాడిని తెచ్చి అలీ ముందు నిలబెడితే అది మోసం. మనిషి, ఊరు, నెల, సంవత్సరం: నాలుగూ రాసుకున్నాకే గంట కొట్టు.

మీ స్నేహితుడెవరో ‘జాక్ డెంప్సీ అందరినీ కొట్టేస్తాడు’ అన్నాడట. చెప్పు వాడికి, డెంప్సీ దాదాపు 85 కేజీలు, మార్సియానో కూడా అంతే. ఇప్పుడు 200 పౌండ్ల లోపు, అంటే 90 కేజీల చిల్లర లోపు వాళ్లను క్రూజర్‌వెయిట్‌లో వేస్తారు. ఇద్దరూ ఈ కాలంలో హెవీవెయిట్లే కారు. ఈ కాలం బాక్సర్ టైసన్ ఫ్యూరీ (మన మైక్ టైసన్ కాదు) ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. అట్లని పెద్దవాడే గెలుస్తాడనీ కాదు. 2024 మేలో ఆ ఫ్యూరీని ఓడించిన ఉసిక్ క్రూజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చినవాడే. ఇంకో మాట. పాత మూకీ రీళ్లు చూసి ‘వీళ్లేంటి బొమ్మల్లా ఎగురుతున్నారు’ అని నవ్వొద్దు. అప్పుడు కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు, ఇప్పటి వేగంలో వేస్తే మనిషి కదలిక అలా కనిపిస్తుంది.

ర్యాంకుల జాబితా వేసి, పైనున్నవాడు గెలిచినట్టు రాయొద్దని మరీ మరీ చెబుతున్నా. మన దగ్గర బండలాగుడు పోటీల్లో బండ అందరికీ ఒకటే, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలిస్తే ఏ జత మేలో తేలిపోతుంది. రింగులో బండ కూడా తిరగబడి కొడుతుంది. జో ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించాడు. జార్జ్ ఫోర్‌మన్ 1973లో కింగ్‌స్టన్‌లో ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. 1974లో కిన్షాసాలో అలీ ఆ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడుకోబెట్టాడు. ఈ ముగ్గురినీ వరసలో నిలబెట్టమంటే ఎలా నిలబెడతావు? అడగాల్సింది ఎవరు గొప్ప అని కాదు, ఎవరి ఆట ఎవరికి కుదరదు అని. ఇంకా విచిత్రం, కాలాలు కలిసిన పోటీ నిజంగానే జరిగింది. ఆ ఫోర్‌మనే 1994లో 45 ఏళ్ల వయసులో, కిన్షాసాలో వేసుకున్న నిక్కరే వేసుకుని, 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. అంతవరకూ పాయింట్లలో వెనకే ఉన్నాడు.

కంప్యూటర్‌ను అడుగుదాం అంటారు మీ వాళ్లు. అది కూడా అయిపోయింది. 1969లో నిషేధంలో ఉన్న అలీని, రిటైరైన మార్సియానోను కెమెరా ముందు నిలబెట్టి, రకరకాల ముగింపులు తీసి, కంప్యూటర్ తేల్చినట్టు చూపారు. అమెరికాలో మార్సియానో 13వ రౌండులో గెలిచాడు, యూరప్‌లో అలీ గెలిచిన ముగింపు వేశారు. యంత్రానిది కూడా చూసేవాళ్లను బట్టి మాట్లాడే నోరే! పాపం, మార్సియానో అది విడుదల కాకముందే విమాన ప్రమాదంలో పోయాడు.

ఇక అసలు కామెంట్రీ. నా లెక్క చెబుతా, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. మొదటి నాలుగు రౌండ్లు అలీకి ప్రాణసంకటం. ఆయన గడ్డం వెనక్కి లాగి దెబ్బ తప్పించుకునే రకం, ఎడమ హుక్‌కు, అంటే చేయి వంచి పక్కనుంచి వేసే దెబ్బకు, దొరికిపోయేవాడు. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్, ఇద్దరూ ఎడమ హుక్‌తోనే పడగొట్టారు. టైసన్ ఎడమ హుక్ వాళ్లిద్దరికంటే వేగంగా వస్తుంది. రెండో రౌండులో అలీని ఒకసారి పడనివ్వు, కానీ లేపు. అలీ పడితే లేచేవాడు. అక్కడి నుంచి జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ, పని చేస్తుంది. అలీ చేయి చాపు 78 అంగుళాలు, టైసన్‌ది 71. టైసన్ లోపలికి వస్తే అతని మెడ మీద చేయి వేసి అలీ పట్టుకుంటాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ పట్టుకునే 12 రౌండ్లు లాగాడు, టైసన్ విడిపించుకోలేకపోయాడు. స్మిత్‌కు కొట్టే ఉద్దేశం లేదు, అలీకి ఉంటుంది. అందుకే నీ రెఫరీ మెడ పట్టుకోవడాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాడా, పాయింట్ కోస్తాడా అని ముందే నిర్ణయించు, కథంతా దాని మీదే ఉంది. నా మటుకు నేను పదో రౌండు తర్వాత అలీ అంటాను. 12 రౌండ్లు, గట్టి రెఫరీ అయితే మాత్రం పందెం కాయను.

రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో నిమిషం. 15 రౌండ్లంటే దాదాపు గంట. చలిలో అంతసేపు ఎవరూ కూర్చోరు. నాలుగైదు రౌండ్లు నిజం వేగంలో చెప్పి, మిగతావి రెండు మూడు వాక్యాల్లో దాటించు. గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూడు. ‘మెరుపులా’, ‘పిడుగులా’ అనే మాటలు కొట్టేసి, ఏ చెయ్యి, ఎక్కడ తగిలింది, కాళ్లు ఎటు పోయాయి అనేది చెప్పు. జనానికి దృశ్యం అదే కడుతుంది.

జడ్జీలుగా ముగ్గురిని మూడు వీధుల నుంచి తీసుకో. రెఫరీగా నన్ను మాత్రం పిలవొద్దు, ఏడు రోడ్ల కూడలిలో టీ తాగేవాళ్లందరికీ తెలుసు నేను అలీ పక్షమని.

ఇట్లు,
మీ పెద్దనాయన
కడప