అమెరికాలో తుపాకీ కొంటే ఆ వివరాలు పోలీసుల దగ్గర ఎంతకాలం ఉంటాయి?

ఆమోదం వస్తే ఎఫ్‌బీఐ దగ్గర 24 గంటలే. లైసెన్సు ఉన్న షాపులో మీరు ఫారం 4473 అనే కొనుగోలు పత్రం నింపుతారు, షాపువాడు ఎఫ్‌బీఐ వారి నిక్స్‌కి (కొనేవారి నేపథ్యం తనిఖీ చేసే వ్యవస్థ) ఫోన్లోనో ఆన్‌లైన్లోనో మీ వివరాలు చెబుతాడు. ‘ప్రొసీడ్’ (అమ్మొచ్చు) అని వస్తే, షాపుకి ఆ మాట చెప్పిన 24 గంటల్లోగా మీ పేరు, పుట్టిన తేదీ చెరిపేయాలి. మిగిలేది లావాదేవీ నంబరు, తేదీ. ‘డినైడ్’ (అమ్మకూడదు) అయితే మాత్రం రికార్డు ఉండిపోతుంది.

‘డిలేడ్’ (ఇంకా తేలలేదు) దగ్గరే చిక్కు. 3 పనిదినాల్లో జవాబు రాకపోతే ఫెడరల్ చట్టం ప్రకారం షాపువాడు తుపాకీ ఇచ్చేయొచ్చు. పాత కేసు ఎలా ముగిసిందో కోర్టు రికార్డుల్లో లేకపోతే ఇలా ఆగుతుంది. 21 ఏళ్లలోపు వాళ్లకి, 2022 చట్టం వల్ల, ఈ గడువు 10 పనిదినాల దాకా సాగొచ్చు.

అసలు కాగితం షాపులోనే ఉంటుంది. 1986 చట్టం ఆ రికార్డులతో ఫెడరల్ రిజిస్ట్రీ, అంటే ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో చెప్పే జాబితా, పెట్టకూడదంటుంది. అందుకే నేరస్థలంలో తుపాకీ దొరికితే సీరియల్ నంబరు పట్టుకుని తయారీదారు, టోకు వ్యాపారి, షాపు అంటూ ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్తారు. సినిమాల్లోలా ఒక్క క్లిక్కుతో పేరు రాదు!

రాష్ట్రాల తీరు వేరు: కాలిఫోర్నియా అమ్మకాల రికార్డు దాచుకుంటుంది, ఫ్లోరిడా రిజిస్ట్రీనే నిషేధించింది.

హెచ్-1బీ (ఉద్యోగ), ఎఫ్-1 (విద్యార్థి) వీసాల మీద ఉన్న మనవాళ్లు సాధారణంగా తుపాకీ కొనకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఫారంలో అబద్ధం రాస్తే అదే వేరే నేరం.