బాతు ఎందుకు పడట్లేదు?

(వీడియో గేములు, కార్టూన్లు, వింత వీడియోల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: అక్కా, మొన్న అమ్మావాళ్ళింట్లో అటక దులుపుతుంటే నా చిన్నప్పటి వీడియో గేమ్ దొరికింది. పసుపు క్యాసెట్టు, గన్ను కూడా ఉన్నాయి. కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే మారియో బాగానే ఆడుతోంది. డక్ హంట్‌లో మాత్రం ఎంత గురి చూసి కొట్టినా ఒక్క బాతూ పడట్లేదు. మా అబ్బాయి ముందు పరువు పోయింది. గన్ను పాడైందా? రిపేరు చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: గన్ను పాడైందని అప్పుడే అనుకోకండి. మీ ఉత్తరం చదవగానే నాకు బైరాగిపట్టెడలోని మా పాత ఇంటి ముందుగది గుర్తొచ్చింది. 1996 వేసవి సెలవులు. మద్రాసు బర్మా బజారులో నాన్న బేరమాడి తెచ్చిన వీడియో గేమ్, డయనోరా టీవీ, దాని ముందు చాపేసుకుని నేనూ మా తమ్ముడూ. బాతులు పడకపోతే వాడు గన్నును ట్యూబ్‌లైటు వైపు తిప్పి కొట్టేవాడు. వెలుగు చూపిస్తే గన్ను మోసపోతుందని వాడికి బళ్ళో ఎవరో చెప్పారు. వేసవంతా ప్రయత్నించినా ఒక్కసారీ పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసిన రోజున, 1984లో ఆ ఆట చేసిన నింటెండో వాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఆ గన్నులోంచి ఏమీ బయటికి రాదండీ. అది చూస్తుంది, అంతే. గొట్టం లోపల వెలుగును పసిగట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెరంతా ఒక్క ఫ్రేము పాటు, అంటే టీవీ ఒక్క బొమ్మ చూపించేంతసేపు, నల్లబడుతుంది. టీవీ పద్ధతిని బట్టి అది సెకనులో 50వ వంతో, 60వ వంతో. ఆ వెంటనే బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. ఎన్నో ఫ్రేములో వెలుగు తగిలిందో చూసి, మీరు కొట్టింది ఏ బాతునో ఆట లెక్క తేల్చేస్తుంది. గన్నుకు ముందు చీకటి కనపడాలి, తర్వాత వెలుగు కనపడాలి. వెలుగుతున్న ట్యూబ్‌లైటులో చీకటి ఎక్కడిది? అందుకే మా తమ్ముడి ఎత్తు పారలేదు. మనలాంటి పిల్లకాయలు ఏమేం చేస్తారో ముందే ఆలోచించి పెట్టారు!

ఇక మీ టీవీ సంగతి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్‌ను వచ్చింది వచ్చినట్టే తెర మీద గీసేస్తుంది. ఎల్‌ఈడీ టీవీ అలా కాదు. బొమ్మను ముందు లోపలికి తీసుకుని, పెద్ద తెరకు సరిపడా సాగదీసి, సర్ది, అప్పుడు చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యం చాలు. గన్ను వెలుగు కోసం చూసే సమయానికి తెల్ల చదరం ఇంకా తెర మీదికి వచ్చే ఉండదు. మారియోకి అంత ఖచ్చితమైన సమయం అక్కర్లేదు కాబట్టి అది ఆడుతోంది.

కాబట్టి మీకు కావలసింది రిపేరు కాదు, పాత టీవీ. బంధువుల ఇళ్ళలో, పాత సామాన్ల అంగళ్ళలో అడిగి చూడండి. ఒక్క మాట. దాని వెనక మూత మీరు విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. అలాగే క్యాసెట్టును నోటితో ఊదకండి. మనమంతా ఊదినవాళ్ళమే. బొమ్మ వచ్చింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. నోటి తేమ తగిలీ తగిలీ ఆ లోహపు పళ్ళు చిలుము పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని మందుల షాపులో అడగండి. దూదిపుల్లకు కొంచెం అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి. మా కాంట్రా క్యాసెట్టు నేను ఊది ఊదే పోగొట్టుకున్నాను. దాని మీద బెంగ ఇంకా తీరలేదు.

ప్రశ్న: అక్కా, టామ్ అండ్ జెర్రీలో దెబ్బ తగిలినప్పుడు టామ్ పెట్టే కేక నిజం పిల్లిదేనా?
– 7వ తరగతి విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: మనిషిదేనమ్మా. జోసెఫ్ బార్బెరాతో కలిసి ఆ కార్టూన్‌ను పుట్టించిన విలియం హన్నాయే స్వయంగా పెట్టిన కేక అది. ఇంకో సంగతి. 1940లో వచ్చిన మొట్టమొదటి కార్టూన్‌లో టామ్ పేరు టామ్ కాదు, జాస్పర్!

ప్రశ్న: అక్కా, మారియోలో మేఘాలూ పొదలూ ఒకటే బొమ్మని మా సీనియర్ అంటున్నాడు. ఆట మొత్తాన్ని ఐదు నిమిషాల్లోపే ముగించేవాళ్ళు కూడా ఉన్నారంట. నాకు 1-2, అంటే మొదటి లోకంలో రెండో స్టేజీ, దాటడానికే పావుగంట పడుతోంది. ఇవన్నీ నిజమేనా?
– 9వ తరగతి విద్యార్థి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: రెండూ నిజమే నాయనా. ఈసారి ఆడేటప్పుడు పొదను ఆపి చూడు. అదే గీత, అవే వంపులు. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మలకు దక్కింది 8 మాత్రమే. రోజూ పొద్దున్నే మీ ఇంటి వాట్సాప్ గ్రూపుకు వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటే మామూలుగా ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ కొంచెంలోనే 32 స్టేజీలు, పాటలు, పుట్టగొడుగులు, తాబేళ్ళు అన్నీ ఇమిడ్చారు. మారియో టోపీ, మీసం కూడా ఇలాంటి ఇరుకులోంచే పుట్టాయి. మారియో మొదట కనపడిన 1981 నాటి డాంకీ కాంగ్ అనే ఆటలో మొహానికి ఉన్నవి కాసిని చుక్కలే. జుట్టు గీయడం కష్టమని ఆ ఆట రూపకర్త షిగెరు మియామొటో టోపీ పెట్టాడు, ముక్కు విడిగా కనపడాలని మీసం పెట్టాడు. నాకైతే ఆ మీసం చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఐదు నిమిషాల సంగతి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. వాళ్ళు 32 స్టేజీలూ ఆడరు, ఎనిమిదే ఆడతారు. 1-2 చివర ఇటుకల పైకప్పు ఎక్కి నడిస్తే దాగిన గొట్టాలు కనపడతాయి. వాటిలోంచి 4-1కి దూకుతారు. 4-2లోంచి 8-1కి పోతారు. అక్కడి నుంచి నాలుగు స్టేజీలే. దారి ఇంతేనని తెలిశాక కూడా ఏళ్ళ తరబడి సాధన చేస్తున్నారంటే, వాళ్ళ పోరంతా ఫ్రేములతోనే.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నావు కదా? కంపార్ట్‌మెంటు తలుపు తీసేదాకా గంట ముందు వచ్చినవాళ్ళూ అక్కడే, ఆఖరున దూరినవాళ్ళూ అక్కడే. మారియోలోనూ ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి తలుపు 21 ఫ్రేములకు ఒక్కసారే తెరుచుకుంటుంది. అంటే సుమారు సెకనులో మూడో వంతు. నువ్వు ఐదు ఫ్రేములు ముందే వచ్చినా లాభం లేదు, ఆగాల్సిందే. ఒక్క ఫ్రేము ఆలస్యమై తలుపు మూసుకుపోతే 21 ఫ్రేములూ పోయినట్టే. ఆఖరి 8-4లో మాత్రం ఈ తలుపు లేదు. అక్కడ ప్రతి ఫ్రేమూ లెక్కలోకి వస్తుంది. ఆ వీడియోల్లో 8-4 మొదలయ్యేసరికి, ఆడేది ఎవరో ముక్కూ మొహం తెలియకపోయినా, నా చేతులు చల్లబడిపోతాయి.

నువ్వు ముందు 1-2లో పైకప్పు ఎక్కడం నేర్చుకో. పావుగంట కాస్తా నిమిషమవుతుంది.

ప్రశ్న: అమ్మా, మా మనవడికి ఎనిమిదేళ్ళు. సెలవులకు వచ్చాడు. కమోడ్‌లోంచి మనిషి తల పైకి లేచి మెడ సాచి పాడే వీడియోలే పొద్దస్తమానం చూస్తున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. పిల్లవాడికి ఏమైనా అయిందా?
– ఒక అవ్వ, శ్రీకాళహస్తి

జవాబు: వాడికేమీ కాలేదు పెద్దమ్మా. వాటి పేరు స్కిబిడీ టాయిలెట్. అలెక్సీ గెరాసిమోవ్ అనే ఆయన 2023లో మొదలుపెట్టాడు. హాఫ్ లైఫ్ 2 లాంటి వీడియో గేముల్లోని బొమ్మలను తీసుకుని, సోర్స్ ఫిల్మ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కదిలించి కథగా చేశాడు. మా అక్క కొడుకు పక్కన కూర్చుని రెండు రాత్రులు నేనూ చూశాను. మొదట్లో అది తలా తోకా లేని గోల. తర్వాత కెమెరాలే తలలుగా ఉన్న మనుషులు వస్తారు, కమోడ్ తలలతో యుద్ధం మొదలవుతుంది. ఆ కెమెరా మనుషులకు నోరు లేదు. ఉన్నదల్లా బొటనవేలు పైకెత్తే సైగ. ఆ ఒక్క సైగతో తోటివాడికి ధైర్యం చెబుతుంటే నాకు గొంతు పట్టుకుంది. మాటలు లేనందుకే ఏ ఊరి పిల్లవాడికైనా ఆ కథ అర్థమవుతుంది.

మీరు తోలుబొమ్మలాట చూసే ఉంటారు. జుట్టుపోలిగాడు మెడ ఊపుకుంటూ తెర మీదికి రాగానే, బంగారక్క వాణ్ణి తిట్టగానే పిల్లకాయలంతా ఎంత నవ్వేవాళ్ళు! మీ మనవడి నవ్వూ ఆ జాతిదే.

అయితే కొన్ని మొహాలు భయం పుట్టించేవే. పడుకునే ముందు చూడనివ్వకండి. ఇదే పేరుతో ఎవరెవరో చేసిన నకళ్ళు బోలెడున్నాయి, వాటిలో కొన్ని మరీ మోటు. అసలు ఆయన ఛానెల్ ఏదో మీ అబ్బాయినో కోడలినో అడిగి అదొక్కటే పెట్టించండి. రేపు పొద్దున పని తీరాక పక్కన కూర్చుని, ఎవరు ఎవరి పక్షమో వాణ్ణే చెప్పమనండి. టీవీ తలల వాళ్ళు వచ్చే ఘట్టం దగ్గర వాడేమన్నాడో నాకు తప్పకుండా రాయండి.