పక్కింటి గడ్డి మెషిన్ మా ఇంట్లో చిచ్చు పెట్టింది

ప్రశ్న: మాది గుంటూరు. బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపు ఒక విల్లా లేఅవుట్‌లో ఉంటున్నాం. మావారిది అమెరికా షిఫ్ట్, పడుకునేసరికి తెల్లవారుజామున నాలుగవుతుంది. పక్కింట్లో రిటైరైన కన్నడ దంపతులున్నారు. వాళ్ల మాలి వారానికి మూడు రోజులు ఆరున్నరకే పెట్రోలు గడ్డి మెషిన్ వేస్తాడు, ఆ వెంటనే ఆకులు ఊదే బ్లోయర్. మావారు ఒకసారి గోడ మీంచి అరిచారు, ఇంకోసారి 112కి ఫోన్ చేశారు. అప్పట్నుంచి మాటల్లేవు. మా అత్తగారు మాత్రం రోజూ సాయంత్రం ఆ ఇంటావిడతోనే వాకింగ్‌కి వెళ్తారు, పైగా ‘ఊరుకాని ఊళ్లో మనకెందుకే గొడవలు’ అంటారు. నిద్ర చాలని ఆయన కోపమంతా నా మీదే. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. ‘మావారు చెప్పిందే న్యాయం, పోలీసులే పట్టించుకోలేదు’ అన్న బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకే. ఆరున్నర పగటి కిందికే వస్తుంది. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, దానికి 10 మించితే ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆ 55 కాలం మీద తీసిన సగటు. మీటరు దూరంలో 95 మోగే మెషిన్, పది మీటర్ల అవతల ఉన్న మీ కిటికీ దగ్గర 75 దాకా వినిపిస్తుంది. ఇరవై నిమిషాల ఆ మోతను పదహారు గంటల పగటికి సర్దితే 58 దగ్గర తేలుతుంది, ఫిర్యాదుకి కావాల్సిన 65కి చేరదు. నిద్రపోతున్న మనిషిని లేపి కూర్చోబెట్టే శబ్దమే, కానీ కాగితం మీద కేసు నిలవదు. పగలు పడుకునేవాళ్ల లెక్క ఆ నియమాల్లో లేదు. ఇక 112 జోలికి వెళ్లకండి.

మీరు అడగాల్సింది మెషిన్ ఆపమని కాదు, టైము మార్చమని. పదకొండు, ఒంటిగంట మధ్య వేయమనండి. ఇది మీకోసం పక్కింటాయన చేసే త్యాగం కూడా కాదు, ఆయన గడ్డికీ అదే మంచిది. ఆరున్నరకి పచ్చిక మంచుతోనో రాత్రి వానతోనో తడిసి ఉంటుంది. తడి గడ్డి మెషిన్ తలకు చుట్టుకుంటుంది, తెగకుండా చిరుగుతుంది, కొనలు రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరుగుతాయి. తడి ఆకులు నేలకు అతుక్కుంటాయి కాబట్టి బ్లోయర్‌కి ఫుల్ రేజ్ ఇవ్వాల్సి వస్తుంది. ఎండ పడ్డాక అవే ఆకులు సగం రేజ్‌కే కదులుతాయి, పనీ తొందరగా అవుతుంది. ‘వానాకాలంలో ఎలా’ అని ఆయన అడగొచ్చు. బెంగళూరులో వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కదా, పదకొండు నుంచి ఒంటిగంట అప్పటికీ సరిపోతుంది.

ఈ మాట ఎవరు చెప్పాలి? మీవారు కాదు, కనీసం మొదట కాదు. మీ అత్తగారే చెప్పాలి. ఆవిడ శత్రువుల వైపు చేరారని మీకు అనిపిస్తోంది గానీ, రెండిళ్ల మధ్య ఇంకా తెరిచి ఉన్న తలుపు ఆవిడ ఒక్కరే. ‘అత్తయ్యా, గొడవ వద్దన్నారుగా, మీరే సర్దాలి’ అని పని ఆవిడ చేతిలో పెట్టండి. వాకింగ్‌లో ఆవిడ, ‘మావాడు రాత్రంతా పనిచేసి నాలుగింటికి పడుకుంటాడమ్మా, పోలీసులకి ఫోన్ చేయడం మాకే నచ్చలేదు’ అంటే చాలు, మొదటి రోజు టైము మాట ఎత్తనక్కర్లేదు. రెండు మూడు రోజులయ్యాక మీరూ మీవారూ కలిసి, మెషిన్ మోగని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. అక్కడ మీవారు ఒక్క మాట అంటే చాలు: ‘అంకుల్, ఆరోజు నేను అలా అరిచి ఉండకూడదు.’ ఆ తర్వాత టైము అడగండి. కొత్త మెషిన్ కొనిస్తామని మాత్రం అనకండి, రిటైరైన పెద్దాయనకి అది అవమానంగా తగులుతుంది.

మాలితో నేరుగా తగువు పెట్టుకోవద్దు. అలాంటివాళ్లు ఒక్కో వీధిలో ఐదారిళ్లు చూస్తారు, ఎవరింట్లో ముందు మొదలుపెట్టాలన్నది వాళ్ల సౌకర్యం. పక్కింటాయన ఒప్పుకున్నాక ఆయనే మాలితో ‘మా ఇంట్లో పొద్దున నీళ్లు పట్టడం, కలుపు తీయడం కానివ్వు, మెషిన్ చివర్లో వేసుకో’ అంటే అతనికి రూపాయి నష్టం లేదు.

మోత మామూలు కంటే పగిలినట్టు, చెవులు చిల్లులు పడేలా ఉంటే మెషిన్‌లోనే లోపం ఉండొచ్చు. సైలెన్సర్ స్క్రూలు వదులైనా, దాని గాస్కెట్ కాలిపోయినా అలాగే మోగుతుంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్ ఎక్కువైనా కష్టమే. మాన్యువల్లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. అంచనాగా పోస్తే పొగ, మసి పేరుకుని పొగగొట్టం మూసుకుపోతుంది. ఇంజన్ బలం తగ్గుతుంది, అతను ఇంకా రేజ్ ఇస్తాడు. ఇవన్నీ సర్వీసులో ఒక పూటలో సరిచేసేవే. 30×40 అడుగుల సైటు ముందుండే పచ్చికకైతే అసలు ఇంజన్ ఎందుకో నాకర్థం కాదు, చేత్తో తోసే రీల్ మోవర్ సరిపోతుంది. కాకపోతే వారం వారం కోయాలి, గడ్డి మూడంగుళాలు దాటితే అది తెగదు, వంగుతుంది. ఆకులకి ఈనెల చీపురు.

ఈలోగా మీ గదిలో చేయాల్సినవి ఉన్నాయి. మీవారి పడకని పక్కింటి గోడకి దూరంగా ఉన్న గదిలోకి మార్చండి. స్లైడింగ్ కిటికీ అంచుల్లో వెంట్రుకల్లాంటి బ్రష్ స్ట్రిప్ అరిగిపోతే శబ్దం అక్కణ్నుంచే వస్తుంది. పాతది లాగేసి అదే మందం కొత్తది వేయించండి. కర్టెన్లతో పెద్ద ఉపయోగం లేదు. ఫోమ్ ఇయర్ ప్లగ్‌లు చాలామంది సగమే దూర్చి పనిచేయవంటారు. సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోమనండి. చెవిలో చీము, నొప్పి ఉంటే వాడొద్దు.

ఆయన కోపం సంగతి. నిద్ర తెగి లేచిన మనిషితో ఆ అరగంటలో ఏ విషయమూ తేలదు, అప్పుడు మీరు జవాబివ్వకండి. సాయంత్రం, షిఫ్ట్ మొదలయ్యేలోగా కూర్చోబెట్టి ‘మెషిన్ మీద కోపం నా మీద చూపిస్తే ఇక ఊరుకోను’ అని స్పష్టంగా చెప్పండి. అత్తగారి ముందు మాత్రం వద్దు.

పెద్దాయన ససేమిరా అంటే అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు వారాలపాటు తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఏ మెషిన్ అన్నది రాసిపెట్టి జతచేయండి. ఒక ఇంటి మీద ఫిర్యాదులా కాకుండా, లేఅవుట్ మొత్తానికీ ఇంజన్ పనిముట్ల వేళలు పెట్టమని అడగండి. చంటిపిల్లలున్నవాళ్లూ మీతో సంతకం పెడతారు. ఒప్పుకున్న తర్వాత కూడా ఏదో ఒక పొద్దున మోత వినిపిస్తే ఆరోజు బయటికి వెళ్లకండి. మాలి మారి ఉండొచ్చు, కొత్తవాడికి ఎవరూ చెప్పి ఉండరు. సాయంత్రం అత్తగారి చేత కనుక్కోండి.